నాదేముంది, నీడ

మా నాన్నకి మొహమాటం ఎక్కువ. ఆ మొహమాటమే మా కొండవాలుని మింగేసిందని అమ్మ పోయేదాకా అంటూనే ఉంది. అమ్మ మాటలో సగం నిజం. మిగతా సగం కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా, అందుకని నేను చెబుతున్నాను.

మేం బుటోన్ దీవి వాళ్ళం. మా తాత పడవెక్కి ఈ దీవికొచ్చి, ఈ హతులేయి ఊళ్ళో దిగి, ఇంక వెనక్కి పోలేదు. ఊరివాళ్ళు మమ్మల్ని ఇప్పటికీ పడవవాళ్ళనే అంటారు. నేనైతే ఆ పడవ చెక్కముక్క కూడా చూసి ఎరగను. పడవవాళ్ళు ఈ నేలమీద ఏడాదిలోపు చచ్చే పంట ఏదైనా వేసుకోవచ్చు. మొక్కజొన్న వేసుకోవచ్చు, కర్రపెండలం వేసుకోవచ్చు. చెట్టు మాత్రం నాటకూడదు. చెట్టు నాటితే వేరు దిగుతుంది, చెట్టు వెనకే మనిషీ దిగబడిపోతాడు. సిమెంటు కూడా వేరు కిందే లెక్క. అందుకే మా ఇళ్ళకి వెదురు తడికలే తప్ప గోడలుండవు. ఒక్క సిమెంటు గోడ, చాలు, దానికి వీపు ఆనించి కూర్చోవాలని మా అమ్మ కోరిక. పడమటి వైపు ఆ గోడ ఎక్కడ రావాలో రెండు రాళ్ళు పెట్టి గుర్తు కూడా పెట్టుకుంది. పెరట్లో తిరిగేటప్పుడు మేమంతా ఆ రాళ్ళు దాటకుండా, గోడ ఉన్నట్టే చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం.

ఇంత పద్ధతి ఉన్న ఊళ్ళో మా తాత చేత లవంగం చెట్లు నాటించింది ఊరివాళ్ళే. ఊటకి పైనున్న వాలంతా అప్పట్లో తుప్పలు పట్టి, అడవిపందులకి తప్ప ఎవరికీ పనికిరాకుండా ఉండేదట. ఆ వాలు ఊరివాడైన దుల్లా తాత వాళ్ళ నాన్నది. "కొట్టి బాగుచెయ్యి, లవంగం పెట్టు, పంటలో సగం నాకివ్వు" అన్నాడాయన మా తాతతో. మరి పద్ధతి మాటేంటని ఊళ్ళో నలుగురూ అడిగితే, దానికో మాట కట్టారు. ఏటా మొగ్గ ఎర్రబడగానే మొదటి పిడికెడు కోసుకుని మావాళ్ళు ఆ ఇంటి అరుగు దగ్గరికి వెళ్ళాలి. "మీ నేల కాసింది. మేం తింటున్నాం" అనాలి. అప్పుడు నేలగల ఆసామి, "ఎక్కినవాడిదే చెట్టు. నాదేముంది, నీడ. తినండి" అనాలి. కోత ముగిశాక నిచ్చెన దించి, వాళ్ళ వాటా మోసుకెళ్ళి ఇచ్చేటప్పుడు మళ్ళీ అదే మాట, అదే జవాబు. ఇద్దరూ అన్నంతకాలం ఇద్దరిదీ చెల్లుతుంది. మా తాత పోయాక ఆ మాట నాన్నకొచ్చింది, వాళ్ళ నాన్న పోయాక ఆ జవాబు దుల్లా తాతకొచ్చింది.

చిన్నప్పుడు ఆ మాట వినడానికే నేను నాన్న వెనక పరిగెత్తేదాన్ని. "నీడ" అనే చోట దుల్లా తాత రెండు చేతులూ తెరిచి, ఏమీ లేదన్నట్టు తిప్పి చూపించేవాడు. తర్వాత లోపలికెళ్ళి నాకో తాటిబెల్లం ముక్క తెచ్చిపెట్టేవాడు. ఆయన చెడ్డమనిషి కాడు. చెడ్డవాడై ఉంటే నాకీ కథ చెప్పడం తేలికయ్యేది.

నాకు పందొమ్మిదో ఏడు నడుస్తున్నప్పుడు రెండు వార్తలు ఒకే పడవలో దిగాయి. దీవి చుట్టూ రోడ్డు వేస్తారని ఒకటి. ఊరూరా నేలలు కొలిచి, డబ్బులు తీసుకోకుండా పట్టాలిస్తారని ఇంకోటి. రోడ్డు మా వాలు పక్కనుంచే పోతుందన్నారు. అంతకు ముందు మా ఊళ్ళో నేల ఎంత అని ఎవరైనా అడిగితే, "నిలబడటానికి సరిపడా" అని నవ్వేవాళ్ళు. ఆ వార్త వచ్చాక అందరూ తలొంచుకుని కాళ్ళకింద చూసుకుంటూ నడవడం మొదలుపెట్టారు. అంబోన్ పట్నంలో మోటారు సైకిళ్ళు బాగుచేసుకునే దుల్లా తాత కొడుకు అర్సాద్ కూడా వచ్చాడు. ఏనాడూ లవంగం కోతకి రానివాడు, వాళ్ళ నాన్నకి తోడుగా ఉందామని వచ్చానన్నాడు. వాడి మర్యాద చూసి మా నాన్న మురిసిపోయాడు.

ఆ ఏడు మొదటి పిడికెడు ఇవ్వడానికి నేనూ వెళ్ళాను. దుల్లా తాత అరుగుమీద కూర్చుని ఉన్నాడు. కళ్ళకి పొరలొచ్చాయి, అయినా వాసన పట్టి, "సబారూ, వచ్చావా" అన్నాడు. నాన్న టోపీ తీసి, అరచేతిలో మొగ్గలు చూపించి తన మాట అన్నాడు. ఆయన చేతులు తెరిచి తన మాట అన్నాడు. గుమ్మానికి ఆనుకుని పళ్ళు కుట్టుకుంటున్న అర్సాద్ అడిగాడు.

"ఏంటి నాన్నా ఆ పాట?"

"పాట కాదురా. పద్ధతి."

"బాగుంది. ఏటా అనుకుంటారా?"

"ఏటా రెండుసార్లు."

"బాగుంది," అన్నాడు మళ్ళీ. ఆ రెండో "బాగుంది" నాకు నచ్చలేదు. దుల్లా తాత బెల్లం కోసం లేవబోతే, "ఇంకా చిన్నపిల్లా నాన్నా?" అని కూర్చోబెట్టాడు. నాకు బెల్లం ముక్క మీద అంత ఆశ ఉందని అప్పుడే తెలిసింది.

ఆ వారంలోనే బడి పంతులు మా ఇంటికొచ్చి అమ్మ పెండలం తురుముతో ఆవిరిమీద వండిపెట్టిన కసువామీ చేపముక్కా తింటూ అసలు సంగతి చెప్పాడు. "మీరిక్కడ మూడు తరాలుగా ఉన్నారు, చెట్లు మీవాళ్ళే నాటారు. నేలగల ఆయన సర్వేయరు ముందు తన నోటితో, చెట్లు వీళ్ళవే అని ఒక్కమాట అంటే చాలు, ఈ వాలు మీ పేర రాస్తారు. ఆయన వాటా ఎటూ ఆయనకి పోతూనే ఉంటుంది. అనకపోతే మొత్తం ఆయన పేర రాస్తారు. మధ్యలో ఏం లేదు." అమ్మ ఆయనకి ఇంకో కసువామి వడ్డించింది. ఆయన వద్దు వద్దంటూనే అదీ తినేశాడు.

మర్నాటినుంచి ఇల్లు కోర్టయింది. కసువామికి పెండలం తురమడం ఆపి, అమ్మ గరిటె నోటి దగ్గర పెట్టుకుని సర్వేయరయ్యేది.

"ఈ నేల ఎవరిదయ్యా?"

"దుల్లా పెద్దయ్యదండి," అన్నాడు నాన్న.

గరిటె తడిక మీద పడింది. "మళ్ళీ. ఈ నేల ఎవరిది?"

"నేలంటే... చెట్లయితే మా నాన్న పెట్టాడండి."

"మరి ఎవరి పేర రాయమంటావు?"

"మీకెలా తోస్తే అలా రాయండి బాబూ. ముందు కూచోండి, కొబ్బరినీళ్ళు తాగుదురుగాని."

నేను పడీపడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"నీ మొహమాటం నన్ను మట్టిలో కలిపేదాకా పోదు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని ఊరికే అన్నారా?"

"పిల్ల ముందు ఏం మాటలే అవి?"

"పిల్లకీ తెలియాలి. రేపు దీని మొగుడు కూడా నీలాంటివాడొచ్చాడంటే, ఎండిన మొగ్గ ఒక్కటి మిగలదు దీనికి."

అప్పుడు నాన్న చాపమీద కూర్చుని, నెమ్మదిగా, చాలాసేపు ఆలోచించుకున్నవాడిలా చెప్పాడు. "నేను వెర్రివాణ్ణి కాదే. నలుగురి ముందూ నాది అని నేనంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? ముసలాయన నేల గుంజుకున్నట్టుంటుంది. అలా కాదు. నేను నా మాట అంటాను. ఆయన తన మాట అంటాడు. ఎక్కినవాడిదే చెట్టు అని ఆయన నోటే వస్తుంది. పంతులు చెప్పింది అదేగా, ఆయన నోటితో రావాలని."

అమ్మ గరిటె కింద పెట్టింది. "అనకపోతే?"

"అనకపోవడం ఏంటి?"

"అనకపోతే అంటున్నాను."

"సలాం చెబితే తిరిగి సలాం చెప్పరా ఎవరైనా?" అన్నాడు నాన్న. అమ్మ అడిగింది ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. ఆయన మొహంలో నాకది స్పష్టంగా కనపడింది, నా నవ్వు కూడా ఆగిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నమ్ముకున్న మనిషి ఆయన. ఊరికి నోరొక్కటే కాదు, కొడుకులు కూడా ఉంటారని అమ్మ అంది. నాన్న వినిపించుకోలేదు.

"అయితే గట్టిగా అను," అంది అమ్మ చివరికి. "గొణక్కు."

సర్వేయరు కోత మంచి ఊపులో ఉండగా వచ్చాడు. మొగ్గ గులాబిరంగు తిరిగి, ఇంకో రెండ్రోజులు ఆగితే విచ్చుకుని పనికిరాకుండా పోయే అదను. నాన్న నిచ్చెన మీద పైకొమ్మలో ఉన్నాడు. నేను కింద బుట్టలు అందుకుంటున్నాను. సర్వేయరు కుర్రవాడు, చెమటలు కక్కుతున్నాడు, ఫోన్ ప్లాస్టిక్ సంచిలో పెట్టి మెళ్ళో వేలాడదీసుకున్నాడు. వెనక టేపు పట్టుకుని ఇద్దరు. వాళ్ళ వెనక చేతికర్ర పొడుచుకుంటూ దుల్లా తాత, ఆయన మోచెయ్యి పట్టుకుని అర్సాద్. కోతకొచ్చిన ఇరుగుపొరుగు కూడా పని ఆపి చుట్టూ చేరారు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది.

కొలవడం అయ్యాక సర్వేయరు ఫోన్ ముందుకి చాచి రికార్డింగ్ పెట్టాడు. "ఈ నేలమీద ఉంటున్నదెవరు?"

నాన్న అప్పుడే నిచ్చెన దిగాడు. బుట్ట నడుముకి కట్టే ఉంది. "నేనేనండి. సబారు అంటారు."

"నేల ఎవరిదో చెప్పండి. మీ మాటల్లోనే చెప్పండి."

నాన్న టోపీ తీశాడు. సర్వేయరు వైపు కాదు, దుల్లా తాత వైపు తిరిగాడు. అమ్మ చెప్పినట్టే, గట్టిగా, వాలు కింద ఊట దగ్గరి వాళ్ళకి కూడా వినపడేలా అన్నాడు.

"మీ నేల కాసింది. మేం తింటున్నాం."

నేను దుల్లా తాత చేతులే చూస్తున్నాను. అవి తెరుచుకోవాలి. కర్రమీద ఒకదానిమీద ఒకటి పెట్టి ఉన్నాయి. ఎడమ మోచేతి దగ్గర అర్సాద్ బొటనవేలు ఉంది, నొక్కుతోందో ఊరికే ఉందో నేనెప్పటికీ చెప్పలేను. తాత పెదవులు కదిలాయి. కదిలాయనే ఇప్పటికీ అంటాను. అమ్మ మాత్రం కదల్లేదనే అనేది.

"మీరేమైనా చెబుతారా తాతగారూ?" అన్నాడు సర్వేయరు.

ఆయన దగ్గాడు. చెట్లపైకి చూశాడు, పొరలు కమ్మిన కళ్ళతో ఏం కనపడిందో. "ఎండ ముదిరింది," అన్నాడు. "బొండాలు కొట్టించాం. రండి, తాగుదురుగాని."

సర్వేయరు రికార్డింగ్ ఆపి, ఫోన్ సంచిలో పెట్టుకున్నాడు. "ఇంత స్పష్టంగా ఎక్కడా చెప్పరండీ," అన్నాడు నాన్నతో, నిజంగా సంతోషపడుతూ. "పై ఊళ్ళో అయితే కత్తులు తీశారు. మీలాంటివాళ్ళుంటే మా పని తేలికైపోతుంది." నాన్న తల ఊపాడు. వాళ్ళంతా కిందికి దిగిపోయారు. ఇరుగుపొరుగు మా మొహాలు చూడకుండా ఎవరి చెట్టు వాళ్ళు ఎక్కారు. నాన్న టోపీ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఎదుటివాడు జవాబు చెప్పడం కాస్త ఆలస్యమైతే ఓపిగ్గా ఎదురుచూస్తాం చూడండి, అలా.

"దగ్గొచ్చింది పాపం ఆయనకి," అన్నాడు కాసేపటికి.

 అమ్మ నోరు పెద్దదని ఊరంతటికీ తెలుసు. ఆ పూట మాత్రం, మొగ్గలు ఎండబెట్టే చాప ముందు కూర్చుని సాయంత్రం దాకా మొగ్గల్నుంచి తొడిమలు విడదీస్తూనే ఉంది. గోళ్ళు నల్లబడ్డాయి. తొడిమ వేరే, మొగ్గ వేరే. చివరికి నేను చెంబుతో నీళ్ళిస్తే తాగి, అప్పుడు మొదలుపెట్టింది. దుల్లా తాత కట్టుకున్న లుంగీనుంచి అర్సాద్ అంబోన్‌లో తిన్న అన్నం దాకా దేన్నీ వదల్లేదు. నాన్న అన్నీ విన్నాడు. అన్నం పెడితే తిన్నాడు. పడుకునే ముందు లేచి వెళ్ళి, ఆ రెండు రాళ్ళ మధ్యనుంచి, గోడ రావలసిన చోటునుంచి, అవతలికి నడిచి బయటికెళ్ళాడు. అమ్మ అది చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత నాలుగు రోజులు నాన్న చెట్టెక్కలేదు. కింద కూర్చుని నిచ్చెన తాళ్ళు విప్పడం, మళ్ళీ కట్టడం. మొగ్గ ఆగదు కదా, నేనెక్కాను. మా వాడలో ఆడపిల్ల నిచ్చెనెక్కితే నవ్వుతారు. ఆ ఏడు ఎవరూ నవ్వలేదు.

ఆ వారం చివర, జుమా నమాజు నుంచి వస్తూనే నాన్న మొహం విప్పారింది. ఏదో దొరికినవాడిలా వచ్చి చాపమీద కూర్చున్నాడు.

"పొరపాటు నాదేనే," అన్నాడు.

"ఇన్నాళ్ళకి తెలిసిందా," అంది అమ్మ.

"అది కాదు. ఆ మాట ఎప్పుడంటాం? మొదటి పిడికెడు ఇచ్చేప్పుడు, వాటా ఇచ్చేప్పుడు. చేతిలో లవంగం లేకుండా ఎప్పుడైనా అన్నామా? మా నాన్న అన్నాడా? నేను వట్టిచేతుల్తో అన్నాను. నడుముకి బుట్టుంది, అందులోంచి పిడికెడు తీయాలన్న తెలివి లేకపోయింది. చేతిలో ఏమీ లేకుండా అంటే ఆయనెలా జవాబిస్తాడు? పద్ధతి తప్పింది నేను. ఆయన ఇవ్వలేక దగ్గాడు."

నేను అమ్మవైపు చూశాను. ఏ పిడుగు పడుతుందోనని. అమ్మ మాత్రం ఆయన మొహం చూస్తూ ఉండిపోయింది. ఆ మొహంలో అన్నాళ్ళకి ప్రాణమొచ్చింది. "అంతేలే," అంది లేచిపోతూ. మొగుడి మాటకి అమ్మ అలా తలూపడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

అర్సాద్ ఎర్రరంగు డబ్బా పట్టుకుని వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. పట్నంనుంచి ఎవరో బూట్లవాళ్ళు వచ్చి వాలంతా తిరిగి చూసిపోయారు. అక్కణ్ణుంచి సముద్రం బాగా కనపడుతుందట, బయటి దేశాలవాళ్ళు వచ్చి ఉండటానికి గదులు కడతారట. మాకు పుట్టినప్పటినుంచీ ఆ సముద్రం కనపడుతూనే ఉంది, దానికో ధర ఉందని తెలీదు. అర్సాద్ చెట్టు చెట్టుకీ మొదట్లో ఎర్రగా ఒక్కో పట్టీ పూస్తూ మా ఇంటిదాకా వచ్చాడు.

"పిన్నీ, భయపడకండి," అన్నాడు అమ్మతో. "మిమ్మల్ని పొమ్మన్నదెవరు? రోడ్డు పడేదాకా ఎప్పట్లాగే తినండి. నాన్నకి మీరంటే ప్రాణం. మీరు మా ఇంటి పిల్లల్లాంటివాళ్ళు. పిల్లలకి పట్టాలెందుకు చెప్పండి?"

"నువ్వూ మీ నాన్నకి పిల్లాడివేగా. నీకెందుకు మరి?"

అర్సాద్ నవ్వాడు. నవ్వితే వాడు అచ్చం దుల్లా తాతలా ఉంటాడు. "మీ నోటికి ఓ దండం పిన్నీ. ఊళ్ళో ఏమంటున్నారో తెలుసా? తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నారని. నేను ఊరుకోలేదు, అలాంటివాళ్ళు కాదని చెప్పాను."

"లెక్కపెట్టక్కర్లేదు నాయనా," అంది అమ్మ. "మీ ఇంటి వాసాలు కొండమీంచి మోసుకొచ్చి ఎక్కించింది మా మామగారూ ఈయనే. ఎన్నున్నాయో మాకు లెక్కపెట్టకుండానే తెలుసు."

వాడు బ్రష్షు డబ్బాలో ముంచి తర్వాతి చెట్టుకి వెళ్ళాడు. ఆ అరుగు ఇక చచ్చినా తొక్కనని ఆ రోజే అమ్మ ఒట్టు పెట్టుకుంది, ఖురాను మీద కాదు గానీ, కసువామి పొయ్యి మీద. మా ఇంట్లో ఆ ఒట్టుకే బలమెక్కువ.

కోత ముగిసింది. నిచ్చెన దించాం. ఎండిన లవంగం రెండు భాగాలు చేసి వాళ్ళ సగం బస్తాకెత్తాం. పొద్దున్నే నాన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, టోపీ పెట్టుకుని, మళ్ళీ తీసేశాడు.

"నేను రాను," అన్నాడు. "నా నోరు ఓసారి చెడగొట్టింది. మళ్ళీ తడబడితే ఆయన్ని ఇంకోసారి ఇబ్బంది పెట్టినట్టవుతుంది. నువ్వెళ్ళు. నీ మాట గట్టిది. పిడికెడు మాత్రం చేతిలో పట్టుకో, మర్చిపోకు. కుడిచేతిలో."

అమ్మ పొయ్యివైపు చూసింది. నావైపు చూసింది. బస్తా నా నెత్తికెత్తి, కుడిచేతి పిడికిట్లో లవంగాలు పట్టుకుని ముందు నడిచింది.  ఊట దగ్గర ఆగి, "వచ్చే ఏడు ఎక్కనివ్వరనుకో, ఏం తింటాం?" అంది. అది నాతో అన్న మాట కాదు.

దుల్లా తాత అరుగుమీద ఒక్కడే ఉన్నాడు. మనిషి బాగా నలిగిపోయాడు. అమ్మ అరుగు కింద నిలబడి పిడికిలి విప్పింది. నాన్న అనేదానికంటే చక్కగా, మర్యాదగా, తలొంచి అంది.

"మీ నేల కాసింది. మేం తింటున్నాం."

ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కర్ర పక్కన పెట్టాడు. రెండు చేతులూ తెరిచాడు. "ఎక్కినవాడిదే చెట్టమ్మా," అన్నాడు. "నాదేముంది. నీడ. తినండి." ఒక్క అక్షరం పోలేదు. మనసారా అన్నాడు, నేను చూశాను.

ముందుగా అనుకుని చేసింది కాదు. బస్తా దించి నిలబడ్డదాన్ని, నా ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టి, ఆ సర్వేయరులాగే ఆయన ముందుకి చాచాను. "తాతా, ఇంకొక్కసారి అనండి. అమ్మా, నువ్వూ అను."

అమ్మ ఒక్క క్షణం నన్ను చూసింది. వెంటనే మళ్ళీ అంది, ఈసారి తలెత్తి. "మీ నేల కాసింది. మేం తింటున్నాం."

దుల్లా తాత నా చేతిలో వెలుగుతున్న ఫోన్ వైపు చూశాడు. పొరలు కమ్మిన కళ్ళకి అదొక్కటీ బాగానే కనపడింది. తెరిచిన చేతులు ఒళ్ళోకి తీసుకున్నాడు. లోపల అంతదాకా తిరుగుతున్న అర్సాద్ చెప్పుల చప్పుడు ఆగింది. తాత కర్ర వెతుక్కుని లేచి, "బెల్లం తెస్తానుండు" అన్నట్టు చెయ్యి ఊపి లోపలికెళ్ళాడు. మేం నిలబడ్డాం. ఆయన తిరిగి రాలేదు. బస్తా అరుగుమీద పెట్టి వచ్చేశాం.

ఆ రికార్డింగు ఇప్పటికీ నా దగ్గరుంది. ముందు నా గొంతూ, అమ్మ మాటా వస్తాయి. తర్వాత ఎక్కడో కోడి, దూరంగా పడవ ఇంజను, ఒక దగ్గు. ఆ వాలుమీద ఇప్పుడు గదులున్నాయి, చెట్లు లేవు. నీడ కూడా వాళ్ళు కొనుక్కునే తెచ్చుకున్నారు, పెద్ద పెద్ద గొడుగులు.

మేం తిరిగొచ్చేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. ఉతికిన చొక్కా విప్పలేదు.

"అన్నాడా?"

అమ్మ నా చేతిలో ఫోన్ వైపు చూసింది. నేను దాన్ని బొడ్లో దోపుకున్నాను.

"అన్నాడు," అంది.

"నీడ దగ్గర చేతులు?"

"చూపించాడు. రెండూ."

నాన్న కళ్ళు మూసుకుని తెరిచాడు. నిచ్చెన దగ్గరికెళ్ళి, తడవకుండా చూరుకింద చేర్చి, వదులైన తాడు ఒకటి లాగి బిగించాడు. "నేను చెప్పలా," అన్నాడు మాకు వీపు పెట్టి. "చేతిలో లవంగం ఉంటే అంటాడు. వచ్చే ఏడు వట్టిచేతుల్తో మాట్లాడను."